కవరు మీద రాసేది రెండో ఉత్తరం

పదకొండు వారాల తరువాత నా ఉత్తరం నాకే వచ్చింది. మిగతా కాగితాల మధ్య దాన్ని చూసి, ఈ దస్తూరీ ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. నాదే. వెళ్ళేటప్పుడు ఇస్త్రీ చేసినట్టు వెళ్ళిన కవరు, తిరిగొచ్చేసరికి నాలుగు ఊళ్ళు తిరిగి అలసిన మనిషిలా ఉంది. ఒక మూల మెత్తబడింది. కింది అంచున సన్నటి నారింజ రంగు గీతలు, దువ్వెన పళ్ళలా. నేను అంటించిన బిళ్ళ మీద ఒక ముద్ర, దాని పక్కన ఇంకెవరిదో ముద్ర. వీటన్నిటి మీదా అడ్డంగా ఒక చీటీ. చీటీలో ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ వరసగా కారణాలు, ఒక్కో కారణం పక్కన ఒక్కో గడి: ఆ పేరు గలవారు తెలియదు, తీసుకోవడానికి నిరాకరించారు, ఇల్లు మారారు, వచ్చి పట్టుకెళ్ళలేదు, చిరునామా సరిపోదు. మొదటి గడిలో నీలం పెన్నుతో ఒక కొట్టివేత.

అది మా మాస్టారికి రాసిన ఉత్తరం. ఉద్యోగ విరమణ చేసి, జర్మనీలో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్ళారు. ఫోనులో ఆయనకు సరిగ్గా వినబడదు. తెర మీద ముఖాలు చూసుకుంటూ మాట్లాడటం ఆయనకు చిరాకు. అందుకని కాగితం మీదే రాశాను. మూడు పేజీలకు రెండు ఆదివారాలు పట్టింది. ఒక పేరా అయితే మూడుసార్లు తిరగరాశాను. కవరు మీద నాలుగు వరసలు రాయడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ నిమిషం గురించే.

ముందు నేనూ అందరిలాగే తపాలా వ్యవస్థను తిట్టుకున్నాను. ఈ రోజుల్లో ఉత్తరాలను ఎవరు పట్టించుకుంటారు అని నలుగురికి చెప్పుకున్నాను కూడా. ఆ నలుగురూ సానుభూతిగా తల ఊపారు. తరువాత మాస్టారి అబ్బాయి ఫోను చేసి, “అన్నయ్యా, మీరు కేరాఫ్ పెట్టలేదు కదా” అన్నాడు. అంతే, నా కోపానికి కాళ్ళు విరిగాయి.

జర్మనీలో మామూలు అపార్ట్‌మెంటు చిరునామాలో ఫ్లాటు నంబరు ఉండదు. వీధి పేరు, భవనం నంబరు, అంతే. కింద వరసగా పెట్టెలుంటాయి, వాటి మీద ఇంటిపేర్లుంటాయి. పోస్ట్‌మ్యాన్ కవరు మీది పేరునూ పెట్టె మీది పేరునూ సరిచూసుకుని వేస్తాడు. నేనేమో మాస్టారి ఇంటిపేరును ఒక్క పొడి అక్షరానికి కుదించి, ఆయన పేరును మాత్రం పూర్తిగా రాశాను. బడిలో స్టాఫ్ గది తలుపు పక్కన చెక్క మీద ఆయన పేరు అలాగే ఉండేది, నా తలలోనూ అలాగే నిలిచిపోయింది. అక్కడి పెట్టె మీద ఉన్నది ఇంటిపేరొక్కటే. పాపం ఆ పోస్ట్‌మ్యాన్ ఎనిమిది పెట్టెలో పదహారు పెట్టెలో చూసి ఉంటాడు, ఏదీ కుదరక చీటీ అంటించాడు. ఆయన తప్పేమీ లేదు. కేరాఫ్ అన్న మాటను మనం రోజుకు పదిసార్లు వాడతాం. ఫలానా ఊరు ఎండలకు కేరాఫ్, ఫలానా ఆయన గొప్పలకు కేరాఫ్. తీరా ఆ మాటకు దాని అసలు పని పడిన రోజున నాకు గుర్తు రాలేదు.

అప్పటినుంచి నాది ఒకే వాదన. కవరు మీద రాసేది అందుకోవలసిన మనిషి కోసం కాదు. తన ఇల్లెక్కడో మాస్టారికి తెలుసు. ఆ నాలుగు వరసలూ చదివేది దారి పొడుగునా ఉన్న అపరిచితులు. లోపలి ఉత్తరానికి పాఠకుడు ఒక్కడే; బయటి ఉత్తరానికి పదిమంది, వారిలో సగం యంత్రాలు. వారెవరికీ మాస్టారు తెలియదు, నేను తెలియను, మా మధ్య ఉన్న ముప్ఫై ఏళ్ళ గౌరవం తెలియదు. వారికి నేను రాస్తున్న ఉత్తరం అది. లోపల చేయి తిరిగిన రచయితలం, బయట మాత్రం చీటీ గీకినట్టు గీకుతాం.

చిరునామా అంటే చిన్న పేరు, చిరు నామం అని చాలా కాలం అనుకునేవాణ్ణి. కాదు. ఆ మాట పారసీ నుంచి హిందుస్తానీ మీదుగా మనకు చేరింది. సర్ అంటే తల, నామా అంటే ఉత్తరం. ఉత్తరం తల మీద రాసేది సర్‌నామా, మన నోట పడి చిరునామా అయింది. ఇల్లు, వీధి అన్న అర్థాలు తరువాత పట్టుకున్నాయి. మొదట అది ఒక ప్రదేశం పేరు కాదు, ఉత్తరంలో ఒక భాగం పేరు. నా వాదనకు ఆ మాటే నా వైపు సాక్ష్యం చెబుతున్నట్టుంది.

ఈ బయటి ఉత్తరాన్ని మనం పైనుంచి కిందికి రాస్తాం. తపాలా దాన్ని కిందినుంచి పైకి చదువుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం తప్పులు పోతాయి. విదేశీ ఉత్తరమైతే ఇక్కడి సార్టింగ్‌లో ఉన్నవారికి కావలసింది చివరి వరస ఒక్కటే, దేశం పేరు. జర్మనీ అన్న మాట చూసి ఆ సంచిలో వేస్తే వారి పని అయిపోయింది. మాస్టారి పేరుతో, వీధితో వారికి సంబంధం లేదు. అక్కడ దిగాక ఇంకొకరు దాని పై వరస చూస్తారు, పోస్టు కోడూ ఊరూ. ఆ ఊరు చేరాక వీధి. వీధిలోకి వచ్చాక భవనం నంబరు. పెట్టెల ముందు నిలబడ్డప్పుడు మాత్రమే పేరు. మనం ఎంతో ప్రేమగా మొదట రాసిన వరసను అందరికన్నా చివర చూస్తారు. నా ఉత్తరం ఆ లెక్కన చివరి మెట్టు దాకా ఎక్కి, గుమ్మం ముందు జారింది.

దీన్నిబట్టి ఇంకొకటి తేలుతుంది. దేశం పేరు పంపేవారి దేశంలో అర్థమైతే చాలు. మిగతా వరసలు అందుకునే దేశంలో అర్థం కావాలి. జపాన్‌కు పంపే కవరు మీద చిరునామా మొత్తం జపాన్ లిపిలో ఉండి, అడుగున జపాన్ అని ఇక్కడివారు చదవగలిగే లిపిలో పెద్ద అక్షరాలతో ఉంటే ఆ ఉత్తరం హాయిగా చేరుతుంది. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. అక్కడి చిరునామాను తమ పద్ధతిలోకి మార్చుకుని, వీధి నంబరును ముందుకు లాగి, ఊరి పేరుకు తమకు అలవాటైన పలుకుబడి తగిలించి రాస్తారు. జర్మన్లు వీధి పేరు తరువాత ఇంటి నంబరు రాస్తారు, ఊరి పేరుకు ముందు కోడు రాస్తారు. బ్రిటన్‌లో కోడు అన్నిటికన్నా చివర. జపానులో తమ లిపిలో రాసుకునేటప్పుడు పెద్దది ముందు, చిన్నది వెనుక: రాష్ట్రం, నగరం, పేట, ఇల్లు, చివరికి మనిషి. అది వారి ఇల్లు, వారు చెప్పిన వరసే సరైన వరస. అక్షరం అటూ ఇటూ చేయకుండా చూసి రాయడమే మర్యాద. లిపి రాకపోతే వారి చేతే రాయించి, అచ్చు తీసి అంటించుకోవచ్చు. నేనిప్పుడు అలాగే చేస్తున్నాను. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంతటి బాధ్యత కవరు మీద ఎప్పుడు పడిందో చరిత్రలో చూస్తే నా మాస్టారి పెట్టె సంగతి ఇంకా బాగా అర్థమైంది. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరానికి కవరు తొడగడం దండగ వ్యవహారం. రుసుము దూరాన్ని బట్టీ కాగితాల లెక్కనా ఉండేది. కవరు కూడా ఒక కాగితమే కాబట్టి దానికీ వసూలు చేసేవారు. అందుకని రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అతికించి, ఖాళీగా మిగిల్చిన మడత మీద చిరునామా రాసేవారు. ఆ రుసుము చాలావరకు ఉత్తరం అందుకున్నవారే ఇచ్చుకునేవారు. దీనిలోంచి ఒక గడుసుదనం పుట్టింది. పైన చిరునామాలోనే ఏదో గుర్తు పెట్టి పంపేవారు. అందుకునేవారు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, గుర్తు చూసి, మనవాళ్ళు క్షేమమే అని తెలుసుకుని, డబ్బు లేదని తిరిగి ఇచ్చేసేవారు. లోపల తెల్లకాగితమైనా ఫరవాలేదు. అక్కడ బయటి ఉత్తరమే అసలు ఉత్తరం.

రోలండ్ హిల్ అనే ఆంగ్లేయుడు 1837లో ఈ పద్ధతిని మార్చాలని ప్రతిపాదించాడు. ఉత్తరం మోయడానికి అయ్యే ఖర్చులో దూరం వంతు చాలా తక్కువనీ, లెక్కలు కట్టడం, గుమ్మాల ముందు డబ్బు వసూలు చేయడం లాంటి వాటికే ఎక్కువ పోతోందనీ ఆయన వాదన. 1840 జనవరి 10 నుంచి దూరంతో పని లేకుండా అర ఔన్సు ఉత్తరానికి ఒక పెన్నీ అన్నారు. అదే ఏడాది మే 6 నుంచి నల్ల బిళ్ళ, పెన్నీ బ్లాక్, చెల్లుబాటులోకి వచ్చింది. ఇదంతా అందరూ చదివిందే. దాని వెనుక జరిగిన చిన్న మార్పు నన్ను ఎక్కువగా పట్టుకుంది. డబ్బు వసూలు చేయాలంటే పోస్ట్‌మ్యాన్ మనిషిని కలవాలి. తలుపు తట్టాలి, ఫలానావారు మీరేనా అని అడగాలి. తప్పు ఇల్లయితే అక్కడే తెలిసిపోతుంది, పక్కింటివారు చెబుతారు. డబ్బు ముందే చెల్లిపోయాక ఆ మాటలతో పని లేదు. తలుపులకు కన్నాలు పెట్టించుకోమన్నారు, ఉత్తరం ఆ కన్నంలోంచి లోపలికి జారింది. అప్పటిదాకా నోరు చేసిన పని ఆ రోజునుంచి కవరు మీదకు వచ్చింది. తట్టే తలుపుంటే నా పొడి అక్షరం నెగ్గుకొచ్చేది. అక్కడున్నది రేకు పెట్టె. అది ఎవరినీ అడగదు.

దేశాల మధ్య ఉత్తరాలదీ ఇలాంటి కథే. ఒకప్పుడు ఉత్తరం ఎన్ని సరిహద్దులు దాటితే అన్ని లెక్కలు. జర్మన్ తపాలా అధికారి హైన్‌రిష్ ఫాన్ స్టెఫాన్ పూనికతో 1874 అక్టోబరు 9న స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో 22 దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. తరువాత 1878లో దానికి సార్వత్రిక తపాలా సమాఖ్య అన్న పేరు స్థిరపడింది. దాని సారం ఒక్క ముక్కలో చెప్పవచ్చు: ఉత్తరాల విషయంలో ఈ దేశాలన్నీ ఒకే భూభాగం. నా దేశపు బిళ్ళ ఒక్కటి అంటిస్తే, నేను ఎన్నడూ చూడని దేశపు ఉద్యోగి, నేను రూపాయి కూడా ఇవ్వని మనిషి, నా కవరు పట్టుకుని మెట్లెక్కుతాడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. తిరుగు చీటీ మీద ఫ్రెంచి కనిపించింది కూడా ఇందుకే, ఆ సమాఖ్య అధికార భాష అది.

పోస్టు కోడు గురించి కొందరు పెదవి విరుస్తారు. ఊళ్ళకు అంకెలేమిటి, మనుషులకు నంబర్లు వేసినట్టు అని. నేను ఒప్పుకోను. ఒకే పేరున్న ఊళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. ఒకే ఊరి పేరును నాలుగు రకాలుగా రాసేవారూ ఉన్నారు. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ రూపకల్పనతో భారతదేశంలో వచ్చిన పిన్ కోడుకు కారణం సరిగ్గా అదే: ఒకే పేరుగల ఊళ్ళు, రకరకాల వర్ణక్రమాలు, అనేక లిపులు. అందులో ఆరంకెలూ ఎడమనుంచి కుడికి సన్నబడుతూ వెళతాయి. మొదటి అంకె ప్రాంతం, రెండోది ఉపప్రాంతం, మూడోది సార్టింగ్ జిల్లా, చివరి మూడూ కలిసి బట్వాడా చేసే పోస్టాఫీసు. ఏ లిపిలో రాసిన కవరైనా ఆ ఆరంకెలతో దారి పడుతుంది.

అంకెల్లో చరిత్ర కూడా దాక్కుంటుంది. జర్మనీ రెండుగా ఉన్న రోజుల్లో రెండు వైపులా నాలుగంకెల కోడులు ఉండేవి. 1990లో రెండూ కలిశాక చూస్తే ఒకే కోడు రెండు ఊళ్ళకు ఉంది. 5300 అంటే పశ్చిమాన బాన్, తూర్పున వైమార్. కొత్త పద్ధతి వచ్చేదాకా ముందు పశ్చిమానికో అక్షరం, తూర్పుకో అక్షరం తగిలించి నెట్టుకొచ్చారు. దేశం ఒకటైనా కవర్ల మీద ఇంకా రెండుగానే ఉండింది. 1993 జూలై 1 నుంచి అయిదంకెల కోడు వచ్చాకే ఆ గీత చెరిగింది.

ఇక యంత్రాల సంగతి. డబ్బాలోంచి తీసిన ఉత్తరాలన్నీ గుట్టగా, ఎటుపడితే అటు ఉంటాయి. పెద్ద కేంద్రాల్లో వాటిని ఒక వైపుకు తిప్పే యంత్రం మొదట చిరునామా చూడదు, బిళ్ళను చూస్తుంది. బిళ్ళల సిరాలోనో కాగితంలోనో ప్రత్యేకమైన కాంతి తగిలితే మెరిసే పదార్థం కలుపుతారు. ఆ మెరుపు కుడివైపు పై మూలన కనబడేదాకా యంత్రం కవరును తిప్పుతుంది, ఆపై ముద్ర కొడుతుంది. బిళ్ళ అందంగా ఉంటుందని మధ్యలో అంటించేవారూ, ఊడిపోతుందేమోనన్న భయంతో దాని మీద టేపు వేసేవారూ ఈ మాట గుర్తుంచుకోవాలి. టేపు మీద ముద్ర సరిగ్గా పడదు. ముద్ర పడని బిళ్ళ అనుమానాస్పదం.

అక్షరాలు చదివే యంత్రాన్ని అమెరికా తపాలా శాఖ 1965లో డెట్రాయిట్‌లో పనిలో పెట్టింది. అప్పుడది టైపు కొట్టిన చిరునామాలో ఊరూ కోడూ ఉన్న వరసను చదివేది. ఇప్పటి యంత్రాలు చేతిరాతను కూడా బాగానే చదువుతాయి. చదవలేనిదాన్ని ఫొటో తీసి ఎక్కడో తెర ముందు కూర్చున్న మనిషికి పంపుతాయి. ఆ మనిషి కొన్ని క్షణాల్లో దాన్ని పోల్చుకుని టైపు చేస్తాడు, ఉత్తరం దారి పడుతుంది. నా దువ్వెన పళ్ళ గీతలు ఈ చదువు ఫలితమే. ఒకసారి చదివిన చిరునామాను తరువాతి యంత్రాలు మళ్ళీ చదవనక్కరలేకుండా గీతలుగా అచ్చు వేస్తారు. అందుకే కవరు అడుగున చోటు వదలమంటారు. సార్వత్రిక తపాలా సమాఖ్య లెక్క ప్రకారం చిరునామా కవరు పై అంచుకు 40 మిల్లీమీటర్లు, కుడి అంచుకు 15, అడుగుకు 15 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. స్కేలు పెట్టి కొలవనక్కరలేదు. పైన రెండు వేళ్ళు, కింద ఒక వేలు వదిలితే చాలు.

నా అనుభవంలో దస్తూరీ అందంగా లేకపోవడం పెద్ద తప్పు కాదు. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం, వాలిపోవడం, అందం కోసం ఊరి పేరు కింద గీత గీయడం పెద్ద తప్పులు. గీత తగిలిన అక్షరం యంత్రానికి ఇంకేదో అక్షరం. ముదురు రంగు కవరు మీద మెరిసే సిరా కూడా అంతే. పెళ్ళికూతురులా అలంకరించిన కవర్లు చూస్తే నాకు వాటి మీద జాలేస్తుంది, చదవలేని యంత్రం పక్కకు నెడుతుందని. లోపల నాణెం, తాళంచెవి లాంటివి పెట్టడం గురించి చెప్పేదేముంది, వేగంగా తిరిగే పట్టీల మధ్య కవరు చిరిగి అవి బయటపడతాయి. బరువు విషయానికొస్తే, మామూలు ఎ4 కాగితం సుమారు అయిదు గ్రాములుంటుంది. మూడు కాగితాలూ కవరూ కలిస్తే 20 గ్రాములు, చాలా దేశాల్లో మొదటి మెట్టు అక్కడితో ఆగుతుంది. నా మూడు పేజీలూ సరిగ్గా ఆ అంచు మీదే ఉన్నాయి. నాలుగో పేజీ రాయకుండా ఆపింది భావదారిద్ర్యం కాదు, తక్కెడ.

పంపేవారి చిరునామా రాయనివారితో నాకు పేచీ. ఎవరు రాశారో కవరు విప్పాక తెలుస్తుందిలే అంటారు. ఆ చిరునామా మాస్టారి కోసం కాదు, మాస్టారు దొరకని రోజు కోసం. అది లేకపోతే ఉత్తరం వెళ్ళే చోటు వేరే ఉంది. బ్రిటన్‌లో బెల్‌ఫాస్ట్‌లో, ఫ్రాన్స్‌లో లిబూర్న్‌లో, అమెరికాలో అట్లాంటాలో అటువంటి కేంద్రాలున్నాయి, దిక్కులేని ఉత్తరాలన్నీ చేరే చోట్లు. అక్కడ ఉత్తరాన్ని విప్పి చూసే అధికారం ఉంటుంది, అదీ లోపల ఏదైనా ఆచూకీ దొరుకుతుందేమోనని మాత్రమే. రెండు ఆదివారాలు కూర్చుని రాసిన మాటల్ని బల్ల ముందు కూర్చున్న ఒక ఉద్యోగి చిరునామా కోసం గాలించడం నాకు ఊహించుకోవడానికే ఇబ్బందిగా ఉంది. నా ఉత్తరం విప్పని కవరుగా వెనక్కి వచ్చిందంటే ఎడమ మూలన నేను రాసిన నాలుగు వరసల పుణ్యమే.

చిరునామా తప్పితే ఏమవుతుందో చెప్పడానికి న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివే వ్యాజ్యం ఒకటుంది. 1817లో ఇంగ్లండ్‌లో లిండ్సెల్ అనే ఉన్ని వర్తకులు ఆడమ్స్ అనే వారికి ఉన్ని అమ్ముతామని, తిరుగు టపాలో జవాబు చెప్పమని సెప్టెంబరు 2న ఉత్తరం రాశారు. ఆడమ్స్‌వాళ్ళది వుస్టర్‌షైర్‌లోని బ్రామ్స్‌గ్రోవ్. లిండ్సెల్‌వాళ్ళు ఉత్తరం మీద లెస్టర్‌షైర్ అని రాశారు. ఉత్తరం చుట్టూ తిరిగి 5వ తేదీ సాయంత్రం చేరింది. ఆడమ్స్‌వాళ్ళు ఆ సాయంత్రమే సరేనని జవాబు టపాలో వేశారు. అది 9న అందింది. ఈలోగా ఎదురుచూసి విసిగిన లిండ్సెల్‌వాళ్ళు 8న ఉన్నిని ఇంకెవరికో అమ్మేశారు. 1818లో న్యాయస్థానం ఏమన్నదంటే, జవాబు టపాలో పడిన క్షణానే ఒప్పందం కుదిరిపోయింది, ఆలస్యం మీ చిరునామా తప్పువల్ల వచ్చింది కాబట్టి నష్టం మీరే భరించాలి అని. ఉత్తరం డబ్బాలో పడ్డాక మాట ఇచ్చినట్టే అన్న న్యాయసూత్రానికి పునాది ఆ తీర్పు. ఒక జిల్లా పేరు తప్పు రాసిన చేయి రెండు శతాబ్దాలుగా ఎందరి చేతనో పరీక్షలు రాయిస్తోంది.

ఈ-మెయిలు ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారికి నా జవాబు పాతకాలపు మమకారం కాదు. ఈ-మెయిలు చిరునామాలో ఒక్క చుక్క తప్పినా అంతే సంగతులు. వెనక్కి వస్తే అదృష్టం, లేదంటే ఎవరో ముక్కూముఖం తెలియని మనిషికి చేరుతుంది. అక్కడ ఊహించేవారు లేరు. కవరు మీది చిరునామాలో ఒకే విషయాన్ని రెండుసార్లు చెబుతాం: కోడూ చెబుతుంది, ఊరి పేరూ చెబుతుంది. ఒకటి తప్పితే రెండోది ఆదుకుంటుంది. రెండూ ఒకదానితో ఒకటి పొసగకపోతే ఎవరో ఒకరు కవరు చేతిలోకి తీసుకుని ఆలోచిస్తారు. ఇల్లే లేని ప్రయాణికుడికి కూడా తపాలా ఒక దారి ఉంచింది: పేరు రాసి, ఫలానా ఊరి పోస్టాఫీసులో వచ్చి తీసుకునేదాకా ఉంచండి అని రాయవచ్చు. దానికి పోస్ట్ రెస్టాంట్ అని పేరు. ఇన్ని ఊతలున్న వ్యవస్థలో కూడా నా ఉత్తరం పడిపోయిందంటే, ఆ ఊతల్లో ఒక్కటి కూడా నేను అందించలేదన్న మాట.

అయితే ఈ వ్యవస్థ ఎల్లకాలం ఇలాగే ఉంటుందని నేను బుకాయించను. డెన్మార్క్‌లో 1624 నుంచి నడిచిన తపాలా 2025 డిసెంబరుతో ఉత్తరాల బట్వాడా మానుకుంది. ఎర్ర డబ్బాలు పీకేశారు. వేరే సంస్థ ఉత్తరాలు చేరవేస్తూనే ఉంది, కానీ వీధి మూలన నిలబడి ఎవరి ఉత్తరాన్నయినా మింగే ఆ డబ్బా లేదు. ఆలోచించే చేతులు తగ్గినకొద్దీ కవరు మీది అక్షరాల మీద బరువు పెరుగుతుంది. ఉత్తరాలు తగ్గిపోతున్నాయి కాబట్టి చిరునామా రాయడం మరిచినా ఫరవాలేదన్న వాదన నాకందుకే తలకిందులుగా కనిపిస్తుంది.

మాస్టారి ఉత్తరాన్ని మళ్ళీ పంపాను. పాత కవరును విప్పలేదు, చీటీతో, ముద్రలతో, గీతలతో అలాగే కొంచెం పెద్ద కవరులో పెట్టాను. ఈసారి బల్ల మీద కాగితం పరిచి, ముందు పెన్సిలుతో రాసుకుని చూశాను. మాస్టారి పూర్తి పేరు. రెండో వరసలో కేరాఫ్, పెట్టె మీద ఎలా ఉందో అలాగే కొడుకు ఇంటిపేరు. వీధి, తరువాత నంబరు. కోడు, తరువాత ఊరు. అడుగున దేశం. ఎడమ మూలన నాది. నాలుగు వరసలు అయిదయ్యాయి, పావుగంట పట్టింది.

నెల తిరక్కుండా జవాబు వచ్చింది. లోపలి దస్తూరీ మాస్టారిది, కొంచెం వణికింది గానీ అవే గుండ్రటి అక్షరాలు. కవరు మీది దస్తూరీ మాత్రం అక్కడే పుట్టి పెరిగిన మనవరాలిది. తాతకు వచ్చిన ముద్రల కవరు ముచ్చటగా ఉందని దాన్ని దగ్గర పెట్టుకుని, నేను ఎడమ మూలన రాసిన చిరునామాను చూసి రాసిందట. అక్కడివాళ్ళు ఏడు అంకెకు నడుమున అడ్డగీత పెడతారు, ఒకటికి పొడుగాటి ముక్కు పెడతారు. నా ఏడుకు అడ్డగీత ఉండదు. ఆ పిల్ల కంటికి అది ఒకటిలా కనబడింది. నా ఇంటి నంబరు 47 కాస్తా 41 అయి వచ్చింది.

41లో ఉండేవారు ఎవరో నాకు తెలియదు. మా పోస్ట్‌మ్యాన్‌కు తెలుసు. ఆయన ఒకటి మీద పెన్సిలుతో చిన్న గీత గీసి, పక్కన ఏడు వేసి, కవరు నా చేతికిచ్చి, మిగతా కాగితాలు సర్దుకుంటూ పక్క గుమ్మానికి వెళ్ళారు.